మారని ఎక్స్

మేము కంప్యూటర్ నేర్చుకున్నది టీచర్ ట్రైనింగ్ అయ్యాక, సీ భాషతో. మొత్తం అనే పెట్టె ఒకటి పెట్టు, అందులో సున్నా వెయ్యి, ఒక్కొక్క అంకె కలుపుతూ పో. ఆజ్ఞ తర్వాత ఆజ్ఞ. ఇరవై ఏళ్లు అదే దారిలో నడిచాం.

హాస్కెల్‌లో ఆ పెట్టె లేదు. ఎక్స్ అంటే 5 అన్నామా, అక్కడ అది 5 గానే ఉంటుంది. మరి సంతకు తెచ్చిన చింతపండు బుట్టల బరువులు ఎలా కూడాలి? ఇలా చెప్పాలి: బుట్టలు లేకపోతే మొత్తం సున్నా. ఉంటే, మొదటి బుట్ట బరువుకు మిగిలిన బుట్టల మొత్తం కలపాలి. 12, 8, 15 కిలోలనుకోండి. 12ను పక్కన పెట్టి 8, 15ల మొత్తం అడుగుతాం. 8ని పెట్టి 15ది అడుగుతాం. దాని తర్వాత ఖాళీ, అంటే సున్నా. అక్కడినుంచి వెనక్కి 15, 23, 35. మొత్తం ఎలా చెయ్యాలో చెప్పలేదు, మొత్తం అంటే ఏమిటో చెప్పాం. ఇది ఒంటబట్టడానికి మాకు రెండు వేసవి సెలవులు పట్టాయి.

బడిలో తెలుగు నేర్చుకున్న రోజులు గుర్తొచ్చాయి. ఇంటి కోయ మాటకు సరిపోయే తెలుగు మాట వెతుక్కున్నన్నాళ్లూ వాక్యం తిన్నగా రాలేదు. సీలో ఆలోచించి హాస్కెల్‌లో రాయబోయినా అంతే. (మోనాడ్ అనే మాట దగ్గర మేమింకా నిలబడే ఉన్నాం.)

ఈ దారి కొత్తదేం కాదు. దీనికి మూలమైన లాంబ్డా కాలిక్యులస్‌ను అలోంజో చర్చ్ 1930లలోనే రూపొందించాడు. ఫోర్ట్రాన్ తయారుచేసిన బృందానికి నాయకుడైన జాన్ బ్యాకసే 1977 ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో ఈ ఆజ్ఞల పద్ధతి నుంచి బయటపడాలని వాదించాడు.

మాకు మాత్రం ఇది మా పిల్లల సంగతి. నల్లబల్ల మీద ఎక్స్ = ఎక్స్ + 1 అని రాస్తే ఎనిమిదో తరగతి పిల్ల లేచి, "ఇదెట్లా నిజమవుతుంది సార్? ఏ అంకె పెట్టినా కుదరట్లేదు" అంది. సీలో ఆ గుర్తుకు అర్థం సమానమని కాదు, కుడివైపుది ఎడమ పెట్టెలో వెయ్యమని. అది చెప్పాలి, చెప్పాం. కానీ గిరిజన పిల్లలకు లెక్క రాదనే మాట స్టాఫ్ రూముల్లో వింటూనే ఉన్నాం. ఆ పిల్లకు లెక్క వచ్చు కాబట్టే అడిగింది. అలా అడిగినవాళ్లు నోరు మూసుకుని కూర్చునే చోట కంప్యూటర్ చదువు మొదలుపెట్టడం మాకు ఇష్టం లేదు.

అందుకే ఈ ఏడు బుట్టల లెక్కతో మొదలుపెట్టాం. సీ తర్వాత వస్తుంది, అదీ కావాలి. కరెంటు ఉన్న రోజు కంప్యూటర్ మీద, లేని రోజు పలక మీద.