లింగంపేటకు బదిలీ అయితే పిల్లలతో కాపురం ఎక్కడ?

బదిలీ ఉత్తర్వు వచ్చిన ఇంట్లో మొదట వినబడే మాట "మరి పిల్లల చదువో?" అన్నది. ఉపాధ్యాయులు, నర్సులు, బ్యాంకు ఉద్యోగులు, విద్యుత్తు శాఖవారు, మన సంఘ కాపరులు, వీరందరికీ అలవాటైన మాటే ఇది. 2021 డిసెంబరులో 317 జీవో వెలువడిన తరువాత తెలంగాణలో ఎందరో ఉపాధ్యాయులు తామెన్నడూ చూడని మండలాలకు వెళ్ళవలసి వచ్చింది. అటువంటి కుటుంబాలకు ఉపయోగపడుతుందేమోనని లింగంపేటను, దాని చుట్టుపక్కల ఊళ్ళను ఉదాహరణగా తీసుకుని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

లింగంపేట కామారెడ్డి నుండి ఎల్లారెడ్డికి పోయే దారిలో ఉన్న మండల కేంద్రం. పూర్వం నిజామాబాదు జిల్లాలోనిది. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడిన నాటి నుండి ఆ జిల్లాలో ఉంది. చుట్టాలకు అడ్రసు చెప్పేటప్పుడు మాత్రం కొంచెం జాగ్రత్త అవసరం. జగిత్యాల దగ్గర 'లింగంపేట-జగిత్యాల' అని రైలు స్టేషనే ఉంది. ఎల్లారెడ్డి పేరు కూడా అంతే. సదాశివనగర్ మండలంలో అడ్లూర్ ఎల్లారెడ్డి అని మరొక ఊరుంది. "ఎల్లారెడ్డిలో దిగి ఫోను చేయండి" అంటే మీ అత్తగారు పెద్ద రోడ్డు మీద దిగి ఎదురుచూస్తూ ఉండవచ్చు!

ఇక్కడికి ఉద్యోగం మీద వచ్చేవారి ముందు మూడు దారులు ఉంటాయి. లింగంపేటలోనే ఇల్లు చూసుకోవడం, పడమటి వైపు దగ్గరలో ఉన్న ఎల్లారెడ్డిలో ఉండడం, లేదా కామారెడ్డిలో కాపురం పెట్టి రోజూ 'అప్ అండ్ డౌన్' చేయడం. ఎక్కువ మంది మూడవ దారినే పట్టుకుంటారు. కారణాలు లేకపోలేదు. కామారెడ్డికి సికింద్రాబాదు-నిజామాబాదు రైలు మార్గముంది, 44వ నెంబరు జాతీయ రహదారి ఉంది. డిగ్రీ కళాశాల ఉంది, జిల్లా ఆసుపత్రి ఉంది, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. జిల్లా కేంద్రమైన తరువాత పట్టణం నాలుగు వైపులా పెరిగింది. నిన్నటి దాకా మక్క చేలు ఉన్న చోట ఈ రోజు సిమెంటు రోడ్లు, రంగుల గేట్లు, గేటు ముందు పసుపు పచ్చని స్కూలు బస్సులు కనబడతాయి. చూడగానే "పిల్లలకు ఇదే మంచి చోటు" అనిపిస్తుంది.

ఆదికాండము 13వ అధ్యాయములో లోతుకూ ఇలాగే అనిపించింది. కంటికి పచ్చగా, నీళ్ళు సమృద్ధిగా కనబడిన వైపు గుడారము మార్చుకున్నాడు. ఆ చోటు గూర్చి అక్కడివారిని ఒక్క మాట అడిగినట్లు మాత్రం మనకు కనబడదు.

నేను కామారెడ్డి వద్దనడం లేదు. చూసే పద్ధతి గూర్చి చెబుతున్నాను. 2025 ఆగస్టు 27, 28 తేదీలను ఈ జిల్లాలోని వారు మరచిపోలేరు. రాజంపేట మండలంలోని అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. ఈ ప్రాంతంలో ఏడాదంతా కురిసే వానలో అది మూడవ వంతుకు మించినది. కామారెడ్డి పట్టణంలో జి.ఆర్. కాలనీ, హౌసింగు బోర్డు కాలనీ వంటి చోట్ల నీళ్ళు ఇళ్ళలోకి వచ్చాయి. జనం డాబాల మీదికెక్కి సహాయం కోసం కనిపెట్టుకుని ఉన్నారు. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి బండ్లు ఆగిపోయాయి. లింగంపేట మండలంలోనే లింగంపల్లి కుర్దు దగ్గర వంతెన దెబ్బతిన్నది. పట్నంలో ఇల్లు, పల్లెలో ఉద్యోగం ఉన్నవారికి ఆ రోజులలో ఇంటికి పోవడానికే దారి లేకపోయింది.

అదే వరదలో, మెదక్-ఎల్లారెడ్డి దారిలో ఉన్న పోచారం ఆనకట్ట మీదుగా నీళ్ళు భయంకరంగా పొర్లాయి. పక్క కట్ట కోసుకుపోతుంటే కింది ఊళ్ళవారు ప్రాణాలు అరచేత పట్టుకుని కూర్చున్నారు. 1922లో పూర్తయిన ఆ రాతి ఆనకట్ట మాత్రం నిలిచింది. మత్తయి సువార్త 7వ అధ్యాయము చివరన ప్రభువు చెప్పిన ఇద్దరు ఇల్లు కట్టుకున్నవారి ఉపమానమును ఆ వారమంతా ఎన్నో సంఘములలో జ్ఞాపకము చేసుకుని ఉంటారు. అది ఆత్మ సంబంధమైన బోధయే. అయినా ఇల్లు అద్దెకు తీసుకునేవారు దానిని అక్షరార్థంగా తీసుకున్నా నష్టం లేదు.

కాబట్టి ఇల్లు చూడబోయినప్పుడు వంటగది ఎంత పెద్దది, మార్బులు ఉందా అని చూడటానికి ముందు వీధిలోకి వచ్చి నిలబడండి. పై వైపున చెరువు ఉన్నదా? ఆ చెరువు నిండి మత్తడి పారితే నీళ్ళు ఏ దారిన పోతాయి? ఆ దారిలో పూర్వం ఉన్న ఒర్రె ఇప్పుడు ఎక్కడ ఉంది? పూడ్చి ప్లాట్లు వేశారా? ఆ స్థలము శిఖం భూమి కాదు గదా? ఈ ప్రశ్నలు బ్రోకరును అడిగితే లాభం లేదు, ఆయన బ్రతుకు తెరువు ఆయనది. పాలు పోసే ఆయనను, గొర్రెలు కాసే ఆయనను, పక్క వీధిలో పాత పెంకుటింటి అరుగు మీద కూర్చున్న అవ్వను అడగండి. "మత్తడి దుంకితే నీళ్ళు గీడికెల్లే వస్తయి బిడ్డా" అని ఆమె చేయి చాపి చూపిస్తే ఆ మాటకు విలువ ఇవ్వండి. గోడలకు నడుము ఎత్తు వరకు మాత్రమే కొత్త రంగు వేసి ఉంటే ఎందుకని అడగండి. గోడ అలమరల అడుగు భాగము చూడండి. తేమ వాసన దాగదు. పగలు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి, మంచి వాన పడిన మరునాడు ఒకసారి వెళ్ళి చూస్తే ఆ వీధి స్వభావం తెలుస్తుంది. చీకటి పడ్డాక వెళ్ళమన్నది ఎందుకంటే, కల్లు దుకాణము ఎక్కడ ఉన్నదో, వీధి దీపాలు ఎన్ని వెలుగుతాయో, ట్యూషను నుండి వచ్చే ఆడపిల్ల ఏ సందులోనుండి నడవాలో పగటిపూట తెలియదు.

ఇక చదువు. ఇంగ్లీషు మీడియం కోసమే పట్నం పోవాలి అనే మాటకు పూర్వమున్నంత బలము ఇప్పుడు లేదు. 2022-23 విద్యా సంవత్సరము నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటి నుండి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మీడియం మొదలయింది. తరువాత పై తరగతులకూ సాగింది. బోధన ఎలా ఉందన్నది ఒక్కొక్క బడిలో ఒక్కొక్క రకం. అది పట్నంలోని ప్రైవేటు బడికీ వర్తిస్తుంది. బోర్డు మీద 'ఒలింపియాడ్', 'టెక్నో' అనే మాటలు చూసి మోసపోవద్దు. మధ్యాహ్నం బెల్లు కొట్టే వేళకు గేటు దగ్గర నిలబడితే సంగతి తెలుస్తుంది. పిల్లలు నవ్వుతూ వస్తున్నారా, మూత్రశాలలకు నీళ్ళు ఉన్నాయా, ఒక ఆటోలో ఎందరిని కుక్కుతున్నారు అనేవి ర్యాంకుల ఫ్లెక్సీ కంటే ముఖ్యమైనవి.

తండ్రి గానీ తల్లి గానీ ప్రతిదినము అప్ అండ్ డౌన్ చేసే ఇంటి లెక్క కూడా వేసుకోవాలి. కామారెడ్డి నుండి లింగంపేటకు బస్సు కోసం నిలబడే సమయంతో కలిపి పోను గంట, రాను గంట అనుకుందాం. నెలకు 25 పనిదినాలైతే 50 గంటలు రోడ్డు మీదనే గడుస్తాయి. 2023 డిసెంబరు 9 నుండి స్త్రీలకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో టికెట్టు లేదు గనుక తల్లికి డబ్బు ఖర్చు తగ్గింది. గంటలు మాత్రం తగ్గలేదు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ 50 గంటలంటే పడుకునే ముందు కథ, కుటుంబ ప్రార్థన, హోంవర్కు దగ్గర ప్రక్కన కూర్చోవడం. అమ్మ వచ్చేసరికి పిల్లవాడు సోఫాలో నిద్రపోతే, ఏ స్కూలు బస్సు ఆ లోటు తీరుస్తుంది?

నా అభిప్రాయం అడిగితే, పిల్లలు అయిదో తరగతి లోపు వారైతే లింగంపేటలోనే ఉండమంటాను. చిన్న ఊరిలో పిల్లవానికి నడిచి పోగల లోకము ఒకటి ఉంటుంది. బడి, అంగడి, స్నేహితుని ఇల్లు, అన్నీ కాలినడకనే. "ఎవరి పోరడివి?" అని అడిగేవారు దారి పొడుగునా ఉంటారు. చుట్టూ ఉన్న తండాల పిల్లల నుండి లంబాడీ మాటలు, బజారులో ఉర్దూ మాటలు ఎవరూ నేర్పకుండానే వస్తాయి. వానాకాలం వెళ్ళేసరికి సీతాఫలాలు వస్తాయి. ఊరిలో నాగన్న బావి అని రాతి మెట్ల బావి ఉంది. ఎంతో కాలం పట్టించుకునేవారు లేక పాడుబడి ఉండగా, ఈ మధ్య సంవత్సరాలలో శుభ్రపరచి బాగుచేశారు. పూర్వులు నీటిని ఎలా దాచుకున్నారో పిల్లలకు చూపించడానికి అంతకంటే మంచి పాఠము లేదు. అయితే లోతు ఎక్కువ. పెద్దవారు చేయి పట్టుకుని తీసుకెళ్ళాలి. కోతుల బెడద గూర్చి కూడా ముందే చెప్పాలి. పిల్లవాని చేతిలో అరటిపండు పెట్టి బయటికి పంపవద్దు.

కష్టాలు దాచిపెట్టి చెప్పడం న్యాయం కాదు. రాత్రివేళ పసిబిడ్డకు జ్వరం ముదిరితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రముతో సరిపోదు, కామారెడ్డి దారి పట్టాలి. ఆస్తమా, మూర్ఛ వంటివి ఉన్న పిల్లల తల్లిదండ్రులు పట్టణంలో ఉండడమే మంచిది. ఇంటర్మీడియటు వయసు వచ్చిన పిల్లలుంటే కూడా కామారెడ్డే నయం. ఎల్లారెడ్డి ఈ రెండింటికీ మధ్యస్థం. రెవెన్యూ డివిజను కేంద్రం, బజారు ఉంది, లింగంపేటకు దగ్గర. మెదక్ పోవడానికీ అక్కడి నుండి దారి సుళువు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడి 2024లో నూరేళ్ళు నిండిన మెదక్ గుడిని సండే స్కూలు పిల్లలతో ఒక్క రోజులో చూసి రావచ్చు.

ఇంకొక సంగతి, మనలో చాలామందికి అనుభవమైనదే. అద్దె ఇల్లు అడిగినప్పుడు అద్దె ఎంత అన్నదానికంటే ముందే "మీరెవరు?" అనే ప్రశ్న వస్తుంది. అది కులము గూర్చి, మతము గూర్చి అడిగే ప్రశ్న అని అడిగేవారికీ తెలుసు, వినేవారికీ తెలుసు. పల్లెలో నేరుగా అడుగుతారు, పట్నంలో ఇంటిపేరు అడిగి తిప్పి తెలుసుకుంటారు. కొందరు ఇల్లు దొరకాలని గోడ మీది సిలువను పెట్టెలో దాచి, పిల్లలకు "ఎవరైనా అడిగితే చెప్పకు" అని నేర్పుతారు. వారి ఇబ్బంది నాకు అర్థమవుతుంది. అయినా పిల్లవాడు తన ఇంట్లోనే గొంతు తగ్గించి పాట పాడవలసిన ఇల్లు ఎంత సౌకర్యంగా ఉన్నా వద్దనే అంటాను. మొదటి రోజే "మేము క్రైస్తవులము, ఆదివారం గుడికి పోతాము, సాయంత్రం ప్రార్థన చేసుకుంటాము" అని చెప్పండి. కాదన్నవారి ఇల్లు వదలుకోండి. సరే అన్న యజమాని దొరికితే ఆ కుటుంబంతో స్నేహం చాలా కాలం నిలుస్తుంది. పండుగనాడు వారింటి నుండి గారెలు, మన ఇంటి నుండి కేకు అటూ ఇటూ పోతాయి.

సంఘము మాట. ఉద్యోగస్థులందరూ పట్నంలో ఉండి పల్లెకు జీతానికి మాత్రమే వచ్చి పోతుంటే, చిన్న మండల కేంద్రాలలో సండే స్కూలు చెప్పేవారు ఉండరు, స్త్రీల మైత్రి కూటములో చదవడం వచ్చినవారు కరువవుతారు. ఒక నర్సమ్మ, ఒక పంతులుగారు ఆ ఊరిలోనే కాపురముంటే పది ఇళ్ళ పిల్లలకు ఆదివారం సాయంత్రం వెలుగు వస్తుంది. చెరలోనికి పోయిన వారికి యిర్మీయా పంపిన ఉత్తరంలో, పోయిన పట్టణములోనే ఇండ్లు కట్టుకుని, తోటలు నాటుకుని, ఆ ఊరి క్షేమము కోసం ప్రార్థించమని చెప్పిన సంగతి పాఠకులకు తెలిసినదే. బదిలీ మీద వచ్చినవారు పెరట్లో ఒక జామచెట్టు నాటినా చాలు. పండ్లు తినేది తరువాత వచ్చేవారైనా సరే.

చివరిగా కాగితాల సంగతి. బడి ఎక్కడ అన్నది రేపటి ఉద్యోగంతో ముడిపడి ఉంది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారము ఒకటి నుండి ఏడో తరగతి లోపు కనీసం నాలుగేళ్ళు ఎక్కడ చదివితే పిల్లలు ఆ జిల్లాకే స్థానికులు. లింగంపేట, ఎల్లారెడ్డి, కామారెడ్డి మూడూ ఒకే జిల్లా గనుక వీటి మధ్య మారితే ఇబ్బంది లేదు. మెదక్‌కో, హైదరాబాదు శివారులోని మేడ్చల్ వైపుకో పిల్లలను పంపేవారు మాత్రం ఈ లెక్క ముందే చూసుకోవాలి. ఒక బడి వదిలేటప్పుడు టి.సి.తో పాటు బోనఫైడ్ సర్టిఫికెట్టు, అందులో ఏ తరగతి ఏ సంవత్సరమో స్పష్టంగా వ్రాయించి, ప్రధానోపాధ్యాయుల సంతకము, ముద్ర వేయించుకుని తెచ్చుకోండి. బడులు తెరిచేది జూన్ 12న. ఈ పనులన్నీ ఏప్రిల్‌లో, సెలవులు ఇవ్వకముందే ముగించుకుంటే మే నెల ఎండలో ఆఫీసుల చుట్టూ తిరగనవసరం ఉండదు.