అసర్ కాదు, వాపు

మా దిక్కు మనిషి మాట తడబడితే ముందు వినబడేది ఒకటే: ‘అసర్ అయింది.’ మిర్యాలగూడలుండే మా ఖాలాకు రెండు నెలలు విడువని తలనొప్పి. ఆఖరికి కన్నబిడ్డల పేర్లే యాదికి రాలే. కోదాడలో దమ్ చేయించిన్రు, సూర్యాపేటలో తావీజు కట్టిచ్చిన్రు. దువాతో దిల్‌కు సుకూన్ దొరుకుతది, కాదనను. మర్జ్ మాత్రం మెదడు రక్తనాళాల్లో ఉంది.

ఒంటిని కాయాల్సిన రక్షణ కణాలే నాళాల గోడల మీద పడితే అవి వాస్తయి, ఇరుకైతయి. నెత్తురందకపోతే పక్షవాతం. దీని పేరు వాస్క్యులైటిస్. మెదడు టీబీలోనూ నాళాలు ఇట్లనే వాస్తయి. అందుకే హైదరాబాద్ డాక్టర్లు ఎమ్మారై తీసి, వెన్ను నీరు పరీక్ష చేసినంకనే స్టెరాయిడ్లు మొదలుపెట్టిన్రు.

తావీజు మెడలోనే ఉండనీయుండ్రి భాయ్. తలనొప్పితోటి మతి తప్పుతుంటే మాత్రం ఆ రోజే న్యూరాలజిస్టు దగ్గరికి తోల్కపోండ్రి. తగ్గిందని గోలీలు సొంతంగ ఆపొద్దు. నెత్తురందక చచ్చిన మెదడును ఏ దవా తిరిగి తేలేదు.