సూర్యలంకలో ఒక కార్తీక మధ్యాహ్నం

బాపట్లలో రైలు దిగి, భావనారాయణస్వామిని దర్శించుకుని ఆటో ఎక్కితే తొమ్మిది కిలోమీటర్లు. సరుగుడు తోటలు, ఇసుక, ఆ వెనక సముద్రం. కార్తీక పున్నమినాడు సూర్యలంకలో ఇసకేస్తే రాలనంత జనం. ఆ రద్దీ ఎందుకని మేము తరువాతి వారం వెళ్ళాం. మా అక్కయ్య, ఆవిడ పదేళ్ళ కొడుకు, నేను.

ఆకాశం పలచగా మబ్బుపట్టి ఉంది. చల్లటి గాలి. "ఎండ లేదుగా మామయ్యా, ఇంకాసేపు!" అంటూ వాడు పదిన్నర మొదలు ఒంటిగంట దాకా నీళ్ళలోనే ఉన్నాడు. ఒంటిమీద చొక్కా కూడా లేదు. "పోనీలే అక్కా, వేసవి కాదుగా" అన్నది వైద్యుణ్ణయిన నేనే!

సాయంత్రం రైల్లో వాడి భుజాలు కందాయి. రాత్రికి ఒళ్ళు ముట్టుకోనివ్వలేదు. తెల్లవారేసరికి వీపున బొబ్బలు, జ్వరం.

ఒంటికి తెలిసే వేడి వేరు, చర్మాన్ని మాడ్చే అతినీలలోహిత కిరణాలు వేరు. గాలి వేడిని ఎత్తుకుపోతుంది గాని ఆ కిరణాల్ని కాదు. పలచని మబ్బు వాటిని పెద్దగా ఆపదు. పొడి ఇసుక నూటికి 15 వంతులు, అలల నురుగు 25 వంతులు తిరిగి మీదికి విసురుతాయి. అర మీటరు లోతు నీళ్ళలో కూడా పైనున్న తీవ్రతలో 40 శాతం ఉంటుంది. పైగా కందినట్టు అక్కడికక్కడే తెలియదు. కొన్ని గంటలకు మొదలై మరునాటికి ముదురుతుంది.

"మన చామనచాయ ఒళ్ళకు ఎండేం చేస్తుందండీ?" అనేవారున్నారు. నలుపు కొంత కాపాడుతుంది, పూర్తిగా కాదు. చెంపల మీది మంగు కూడా ఎండకు ముదురుతుంది. మొటిమలకు డాక్సీసైక్లిన్ వాడేవాళ్ళయితే మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఆ తీరాన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ను మీరు చూడవలసింది. మణికట్ల దాకా చొక్కా, చెవులు కప్పుతూ తలకు తువ్వాలు, పైన తాటాకు పాక. ఆయన ముందు నా చదువెందుకు? మీ నీడ మీకన్న పొట్టిగా ఉన్నంతసేపూ నీడపట్టున ఉండండి. పిల్లల్ని చొక్కాతోనే నీళ్ళలోకి దించండి. కప్పని చోట ఎస్.పి.ఎఫ్. 30కి తగ్గని సన్‌స్క్రీన్ పావుగంట ముందే రాసి, రెండు గంటలకోసారీ, నీళ్ళలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్ళీ రాయాలి. బొట్టు పెట్టినట్టు రాస్తే లాభం లేదు. ఆరు నెలల లోపు పసివాళ్ళకు మాత్రం నీడే మందు.

ఇక మావాడి సంగతి. నేను స్నానం చేసి వచ్చేసరికి అక్కయ్య పసుపులో నిమ్మరసం కలిపి వాడి వీపుకు పట్టించబోతోంది. గబగబా ఆపాను. నిమ్మరసం మండుతుంది. అది అంటిన చర్మానికి ఎండ తగిలితే కొత్త బొబ్బలు, నల్లమచ్చలు వస్తాయి. వెన్న, టూత్‌పేస్టు, ఐసుగడ్డ కూడా వద్దు. చల్లని నీళ్ళలో తడిపిన పాతపంచె గుడ్డ పది నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదుసార్లు వేశాం. బొబ్బలు లేనిచోట తడి ఆరకముందే వాసనలేని మాయిశ్చరైజరు రాశాం. కలబంద జెల్ అయినా సరే. బొబ్బలు చిదమలేదు. మజ్జిగ, కొబ్బరినీళ్ళు తాగించాం. జ్వరానికి వయసుకు తగిన మోతాదులో పారాసిటమాల్. బొబ్బలు ఒళ్ళంతా వ్యాపించినా, వణుకు, వాంతులు, మగత ఉన్నా, కందినది పసిబిడ్డ అయినా ఆసుపత్రికి వెళ్ళవలసిందే.

వారానికి పొట్టు రాలింది. మచ్చలు పోయేసరికి సంక్రాంతి దాటింది. మొన్న మళ్ళీ సూర్యలంక అనగానే వాడు సంచిలో ముందుగా పెట్టింది పొడుగుచేతుల చొక్కా. నాకూ ఒకటి పెట్టాడు.