ఈడెన్ గార్డెన్స్ నుంచి జహీరాబాద్ దాకా

కలకత్తాలో ఈడెన్ గార్డెన్స్ క్రికెట్ మైదానానికి ఆనుకున్నట్టే ఆకాశవాణి భవన్ ఉంటుంది. ఆ మైదానానికీ, రేడియోకీ, జహీరాబాద్ దగ్గరి నర్సమ్మ అనే పేరున్న ఇద్దరు ఆడవాళ్ళకీ చుట్టరికం ఉందంటే నమ్ముతారా? కాస్త తీరిగ్గా కూర్చోండి, చెప్తాను.

ముందు రేడియో సంగతి. కలకత్తా కేంద్రం 1927 ఆగస్టు 26న గార్స్టిన్ ప్లేస్‌లోని ఓ పాత ఇంట్లో మొదలైంది. 1958లో ఈడెన్ పక్కకి వచ్చింది. బేలా దే గారి ‘మహిళా మహల్’, ఇందిరాదేవి గారి ‘శిశు మహల్’ అక్కడివే. ఆ గొంతులు వింటూ పెరిగిన బెంగాలీలు వాళ్ళని ఇంటి ఆడపడుచుల్లా తలుచుకుంటారు. మనకి మాత్రం తక్కువా? పిల్లలకి రేడియో అక్కయ్య న్యాయపతి కామేశ్వరి గారు, నాటకానికి శారదా శ్రీనివాసన్ గారు, ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివిన జోలెపాళెం మంగమ్మ గారు. వీళ్ళ ముందు చేతులు జోడించాల్సిందే. కానీ ఒకటి గమనించారా? గొంతు వాళ్ళదే, కేంద్రం మాత్రం సర్కారుది. ఏ ఊళ్ళో స్టేషన్ పెట్టాలి, ఏ వేళకి ఏం వినిపించాలి, ఎవరి యాస చెల్లుతుంది అనేవన్నీ ఎక్కడో పైన తేలేవి. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఆ అధికారాన్ని ప్రభుత్వం చేతిలో పెట్టింది.

ఇక క్రికెట్‌కి వద్దాం. 1993 నవంబరులో హీరో కప్ జరిగింది. సెమీ ఫైనల్ గుర్తుందా? ఆఖరి ఓవర్లో దక్షిణాఫ్రికాకి ఆరు పరుగులు కావాలి. బంతి సచిన్ అందుకుని మూడే ఇచ్చాడు. ఫైనల్లో కుంబ్లే పన్నెండు పరుగులకి ఆరు వికెట్లు తీశాడు. రెండూ ఈడెన్‌లోనే. మైదానంలో ఇంత సంబరం సాగుతుంటే, బయట మరో పోటీ నడిచింది. బెంగాల్ క్రికెట్ సంఘం ప్రసార హక్కుల్ని ఒక విదేశీ సంస్థకి అమ్మితే, దేశంలోంచి ప్రసారం చేసే అధికారం తమదేనని దూరదర్శన్ పట్టుపట్టింది. తగువు కోర్టులకెక్కి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

1995 ఫిబ్రవరి 9న తీర్పు వచ్చింది. జస్టిస్ పి.బి. సావంత్, జస్టిస్ ఎస్. మోహన్, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి వెళ్ళిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి, ఈ ముగ్గురూ ఆ ధర్మాసనం. ఆకాశంలో సాగే తరంగాలు ప్రజల ఆస్తి, వాటిమీద ప్రభుత్వం గుత్తాధిపత్యం చెలాయించడానికి లేదు అని తేల్చారు. మ్యాచ్ హక్కుల కోసం నడిచిన వ్యాజ్యం పొలం పనులు చేసుకునే ఆడవాళ్ళకి దారి తెరుస్తుందని ఆనాడు ఎవరు ఊహించారు?

జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. జొన్నలు, కొర్రలు, సామలు పండించే పేద రైతు మహిళలు, ఎక్కువమంది దళితులు, ఊరూరా సంఘాలుగా కూడారు. తమ విత్తనం తామే దాచుకోవడం నేర్చినవాళ్ళు, తమ మాట తామే వినిపిస్తామంటే ఆశ్చర్యమేముంది? యునెస్కో సాయంతో 1998లో మాచ్‌నూర్‌లో స్టూడియో కట్టుకున్నారు. లైసెన్సు మాత్రం రాలేదు.

చేతులు కట్టుకు కూర్చున్నారా? లేదు. టేప్ రికార్డరు పట్టుకుని ఊళ్ళు తిరిగారు. పాటలు, పంటల ముచ్చట్లు, నాటు వైద్యం క్యాసెట్లకెక్కించి సంఘం సమావేశాల్లో వినిపించారు. ఇలా పదేళ్ళు! వినేవాళ్ళు చుట్టూ పదిమందే ఉన్నా పని మానని ఆ ఓపికకి నేను దణ్ణం పెడతాను. గొప్ప ప్రసారకులు తయారయ్యేది ఇలాంటి ఏళ్ళలోనే.

ప్రభుత్వం సామాజిక రేడియో, అంటే కమ్యూనిటీ రేడియో, అనుమతిని 2002లో విద్యాసంస్థలకే ఇచ్చింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకీ తలుపు తీసింది. 2008 అక్టోబరు 15న, గ్రామీణ మహిళా దినోత్సవం నాడు, 90.4 మెగాహెర్ట్జ్ మీద ఈ మహిళల ‘సంఘం రేడియో’ పలికింది. ప్రారంభించింది ఎవరనుకున్నారు? ఆ తీర్పిచ్చిన జస్టిస్ సావంతే!

మైకు ముందు కూర్చున్నది అల్గోల్ నర్సమ్మ, జనరల్ నర్సమ్మ. రికార్డు చేయడం, కూర్చడం, ప్రసారం నడపడం అన్నీ వాళ్ళే. పొలం నుంచి వచ్చిన మనిషి వంట చేసుకుంటూ వినేలా సాయంత్రం వేళని ఎంచుకున్నారు. మాట్లాడింది జహీరాబాద్ ఊళ్ళ మాటే. ఏ మన్నులో ఏ గింజ కలిపి చల్లాలో చెప్పే ముసలవ్వ అక్కడ నిపుణురాలు. నాకు ఇందులో అన్నిటికన్నా పెద్దగా కనిపించేది ఇదే: చదువుకున్నవాళ్ళు చెబుతుంటే వినడానికే పుట్టారని లోకం అనుకున్నవాళ్ళు, చెప్పేవాళ్ళయ్యారు.

పని పూర్తయిందంటారా? ఇంకా లేదు. సామాజిక రేడియోలు సొంతంగా వార్తలు తయారుచేసి చదవకూడదన్న నిబంధన ఉంది. విత్తనం గురించి చెప్పగలిగిన మనిషి, తన ఊరి రేషన్ దుకాణం తెరవలేదన్న వార్త చెప్పలేదా? తరంగాలు ప్రజలవని 1995లోనే తేలింది కదా, వార్తా ప్రజలదే కావాలి. అడిగి సాధించుకోవాల్సింది అది. ఈలోగా మీ మండలంలో మూడేళ్ళకి తగ్గకుండా పనిచేస్తున్న మహిళా సంఘం ఏదైనా ఉంటే, రేడియో కోసం దరఖాస్తు పెట్టమని చెప్పండి. నర్సమ్మల్లా మాట్లాడగలిగినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.