సున్నా గీత మీది దీవి

పిల్లలూ! భూగోళ పటం ఒకసారి తీయండి. ఆఫ్రికాకు వాయవ్యంగా, అట్లాంటిక్ మహాసముద్రంలో కొన్ని చుక్కలు కనిపిస్తాయి. అవి స్పెయిన్ దేశానికి చెందిన కానరీ దీవులు. వాటిలో పడమటి కొసన ఉన్నది ఎల్ యెర్రో. జనాభా సుమారు పదకొండు వేలు. పూర్వం ఫ్రెంచివారి పటాలలో సున్నా రేఖాంశం ఈ దీవి మీదుగా పోయేది. 1634లో వారి రాజు అలాగే ఆజ్ఞాపించాడు. గ్రీనిచ్‌కు ఆ గౌరవం దక్కింది 1884లో.

ఇప్పుడీ దీవి మరో సున్నా కోసం పాటుపడుతున్నది. గాలిలోకి వదిలే బొగ్గుపులుసు వాయువు, తిరిగి తీసివేసేది సరిసమానమైతే దాన్ని నికర సున్నా అంటారు.

పదండి, కొండ ఎక్కుదాం. అవిగో అయిదు పెద్ద గాలిమరలు! ఇంకా పైన, చల్లారిన అగ్నిపర్వతపు బిలంలో ఒక చెరువు. కింద సముద్రపు ఒడ్డు దగ్గర మరొక చెరువు. ఈ ఏర్పాటు పేరు గొరోనా దెల్ వియెంతో, 2014లో ప్రారంభమైంది. గాలి జోరుగా వీచేటప్పుడు మిగులు విద్యుత్తుతో కింది నీటిని పైకి తోడతారు. గాలి పడిపోతే ఆ నీరే సుమారు 650 మీటర్ల దిగువకు గొట్టాలలో దూకి టర్బైన్లను తిప్పుతుంది. మన శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోని యంత్రాలకు కూడా నీటిని వెనక్కు తోడే విద్య తెలుసు.

2019 వేసవిలో వరసగా 24 రోజులు ఈ దీవి డీజిలు ముట్టకుండా బతికింది. కాని ఆ ఏడాది మొత్తం మీద చూస్తే, గాలీ నీరూ ఇచ్చిన విద్యుత్తు సగానికి కాస్త ఎక్కువ, అంతే. తక్కినది డీజిలే.

ఎందుకంటారా? కింది చెరువులో పట్టేది 1,50,000 ఘనమీటర్ల నీరు. అది నిండితే పైనీరు ఇక దిగడానికి చోటు లేదు. అంత నీరు దిగితే వచ్చే విద్యుత్తు దీవికి రెండు రోజులకు సరిపోతుంది, కొంచెం అటూ ఇటూగా. మరి గాలి వారం రోజులు అలిగితే?

చెరువు పెంచాలా? మరో గాలిమర నిలపాలా? సూర్యరశ్మి పలకలు పరచాలా? ఒక్కొక్కటీ కట్టి చూడాలంటే ఎవరి తరమూ కాదు. అందుకే ముందు దీవిని కంప్యూటరులో కడతారు. అలా కట్టే పనిముట్లలో పైప్సా అనే ప్రోగ్రాము ఒకటి. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో పరిశోధకులు దీన్ని మొదలుపెట్టారు. తరవాత బెర్లిను సాంకేతిక విశ్వవిద్యాలయానికి చేరింది. ఏడాదిలో 8,760 గంటలున్నాయి కదా, ఏ గంటకు గాలి ఎంత, ఎండ ఎంత, ఊరి అవసరం ఎంత అని దానికి చెప్పాలి. ఏది ఎంత కడితే అన్ని గంటలూ తక్కువ ఖర్చుతో గడుస్తాయో అది తేలుస్తుంది. గాలికొక రంగు, నీటికొక రంగు వేసి గ్రాఫు గీసి చూపవచ్చు.

నాకు నచ్చిన సంగతి మరొకటి. దీని లోపలి రాత అంతా బహిరంగం. డబ్బు కట్టనక్కర లేదు, ఎవరైనా చదివి తప్పు పట్టవచ్చు, దిద్దవచ్చు. లెక్కల పరీక్షలో జవాబు ఒక్కటే రాసిన పిల్లవాడికి నేను పూర్తి మార్కులు వేసేవాణ్ణి కాను. చేసిన విధం చూపమనేవాణ్ణి. కోట్లు ఖర్చు పెట్టి చెరువు తవ్వమనే లెక్కను ఆపాటి అడగవద్దా?

ఇది పైథాన్ భాషలో రాసినది. పై తరగతుల్లో కొందరు మీ అన్నలూ అక్కలూ నేర్చుకుంటున్న భాషే. వారిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక చిన్న దీవి కట్టి చూడండి. సగం విద్యుత్తు దాకా గాలిమరలతో సులువుగానే పోతుంది. ఆపైన డీజిలు తగ్గిస్తున్నకొద్దీ చెరువు పెద్దదవుతూ పోతుంది, ఖర్చూ పెరుగుతుంది. అదంతా గాలి రాని ఆ కొద్ది రోజుల కోసమే. గ్రాఫులో మొదట ఆ రోజులను వెతకండి.