మీ అమ్మ స్నేహితురాలి పేరు మీకు తెలుసా?

 

కొంచెం పెద్ద పోస్ట్, ఓపికగా చదవండి. మేము ముగ్గురం తల్లులం. ఒకరిది సూర్యాపేట, ఒకరిది కోదాడ, ఒకరిది మిర్యాలగూడ. ముగ్గురం కూర్చొని చెప్పుకుంటుంటే మాలో ఒకరి బిడ్డ టైప్ చేసింది. అందుకే ఇందులో 'నేను' లేదు, 'మేము' ఉంది. పేర్లు పెట్టలేదు, ఊర్లతోనే పిలుచుకుంటం. మాలాంటోళ్లు మీ తండాలో కూడా ఉంటరు.

మేము ఆరో తరగతిలో ఒక గిరిజన బాలికల హాస్టల్లో కలిసినం. మూడు తండాల పిల్లలం. 1976 చట్టంతో తెలంగాణలో లంబాడీలు ఎస్టీ జాబితాలోకి వచ్చిండ్రు. అప్పటికి మా యాడీలు చిన్నపిల్లలే, అయినా వాళ్లు బడి గడప తొక్కలేదు. ఆ సర్టిఫికెట్ పట్టుకొని హాస్టల్‌కు వచ్చిన మొదటి ఆడపిల్లలం మా ఇండ్లల్ల మేమే.

మా ట్రంకు పెట్టెలు మూడు, తాళం ఒక్కటే. ఎవరి పెట్టెలో సబ్బు ఉంటే ఆ పెట్టెకు తాళం. రాత్రి లైట్లు ఆర్పినంక మన భాషలో గుసగుసలు. కోదాడామెకు నర్సు కావాలని. సూర్యాపేటామెకు లెక్కల టీచర్ కావాలని. మిర్యాలగూడామెకు మాత్రం బస్ కండక్టర్ కావాలని! సెలవులకు ఇంటికి పోయేటప్పుడు బస్సులో ఒక ఆడ కండక్టర్‌ను చూసింది. భుజాన సంచి, చేతిలో టికెట్ల కట్ట, మగోళ్లను కూడా "జరగండి, ముందుకు జరగండి" అని గదమాయిస్తుంది. అంతే, ఆమె మనసు అక్కడే నిలబడ్డది.

2003 లో పది పాసైనం. ఒకామెకు ఇంగ్లీష్ పోతే సప్లిమెంటరీలో గట్టెక్కింది. తర్వాత మూడేండ్లలో ముగ్గురి పెండ్లిళ్లు అయిపోయినయి. ఎవరూ మమ్మల్ని కొట్టి చేయలేదు. "మంచి సంబంధం, మళ్లీ రాదు" అన్నరు, తల ఊపినం. మన పెండ్లిళ్లల్ల పిల్ల తల్లినీ, అక్కచెల్లెండ్లనూ, దోస్తులనూ పట్టుకొని ఏడుస్తూ ఢావ్లో పాడుతది కదా. మేము కూడా పాడినం. ఇప్పుడు అనిపిస్తది, దోస్తును విడిచేటప్పుడు ఏడ్వడానికి మనకు పాట ఉన్నది గానీ, ఆ తర్వాత దోస్తును కలవడానికి మన దగ్గర ఏ రివాజూ లేదు.

పద్దెనిమిదేండ్లు మేము కలవలేదు. దూరమెంత? సూర్యాపేట నుంచి కోదాడ హైవే మీద గంట. మిర్యాలగూడకు కూడా ఎక్కువేం కాదు. కోదాడ నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ పోవచ్చు. అయినా కలవలేదు. ఎందుకంటే దోస్తును చూసొస్త అని అడిగితే ఇంట్లో నవ్వుతరు. పెండ్లికి, చావుకు, దవాఖానకు పోవచ్చు. దోస్తు కాడికి పోవుడు అనేది ఆడదానికి పనిలెక్కల రాదు. చార్జీ డబ్బులు అడగాలె, కారణం చెప్పాలె. ఫోన్లు కూడా మావి కావు, ఇంటాయనవి.

ఈ మధ్యలో ఒకామె మిషన్ కుట్టింది. ఒకామె సాగర్ ఎడమ కాల్వ కింద నాట్లు వేసింది, సీజన్‌లో మిరపకాయలు ఏరబోయింది. ఒకామె రైస్‌మిల్లులో పని చేసింది. పిల్లలను చదివించినం. కష్టమే, కానీ దాని గురించి రాయడానికి ఈ పోస్ట్ పెట్టలేదు. అమ్మల కష్టం మీద మీరందరూ మదర్స్ డేకి బాగానే రాస్తరు.

2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడోళ్లకు టికెట్ లేదు. దాని మంచిచెడ్డల మీద మీరు చాలా వాదించుకున్నరు. మాకు జరిగింది చెప్తం. అంతకుముందే ఒక చుట్టాల పెండ్లిలో ఒకరి నంబర్ ఒకరికి దొరికింది. 2024 ఫిబ్రవరిలో, సేవాలాల్ జయంతి అయిన వారానికి, ఆధార్ కార్డులు పట్టుకొని ముగ్గురం సూర్యాపేట కొత్త బస్టాండ్‌లో దిగినం. ఒకరినొకరు గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. మిర్యాలగూడామె మొదటి మాట ఏమన్నదో తెలుసా? "కండక్టర్ ఆడామెనే. జీరో టికెట్ కొట్టి ఇచ్చింది. మిషన్ ఎట్ల నొక్కుతుందో దారంతా చూసిన." నవ్వినం, నవ్వుతూ ఏడ్చినం. బస్టాండ్ బెంచీ మీద మూడు గంటలు కూర్చున్నం, ఒక్క చాయ్ తాగినం.

ఇక్కడిదాకా మంచిగనే ఉన్నది కదా. అసలు మాట ఇప్పుడు.

ఆ ఎండాకాలంలో కోదాడామె బిడ్డకు సంబంధం వచ్చింది. పిల్ల డిగ్రీ సెకండియర్. పద్దెనిమిది నిండినయి, చట్టం ప్రకారం తప్పు లేదు. పిల్లగానికి హైదరాబాద్‌లో ఉద్యోగం. "మంచి సంబంధం, మళ్లీ రాదు" అని ఆమె ఫోన్‌లో అన్నది. మాకు ఒళ్లు జలదరించింది. అదే మాట, అక్షరం మారలేదు. నర్సు కావాలనుకున్న మనిషి నోట్లోంచి.

మేమిద్దరం బస్సెక్కి కోదాడ పోయినం. "డిగ్రీ కానియ్యి, ఒక్క ఏడాది ఆగమను" అన్నం. ఆమె కోపంగా, "మీ ఇండ్లల్ల ఎదిగిన ఆడపిల్లలు లేరు. చెప్పడం అల్కగనే ఉంటది" అన్నది. అది నిజమే, మా ఇద్దరికీ పెద్దోళ్లు మగపిల్లలు. కానీ పక్క గదిలోంచి పిల్ల వింటున్నది. మేము లేచి వచ్చేటప్పుడు పిల్ల తల్లి ముందు నిలబడి ఒక్కటే అడిగింది: "యాడీ, నీకు పదిలో ఎన్ని మార్కులు వచ్చినయి?" ఆ ప్రశ్న ఆమెను ఇంట్లో ఎవరూ ఎన్నడూ అడగలేదు.

ఆ రాత్రి ఆమె పెద్దమనుషులతో ఏడాది ఆగమని చెప్పించింది. పిల్లగానోళ్లు ఆగలేదు, వేరే సంబంధం చూసుకున్నరు. చుట్టాలు ఆమెను నానా మాటలన్నరు. "మీ వల్లనే" అని మాకు ఫోన్ చేసి ఏడ్చింది. తర్వాత మూడు నెలలు మాటల్లేవు. మేము చేసింది తప్పేమో అని మేమిద్దరం ఎన్ని రాత్రులు అనుకున్నమో.

శ్రావణంలో తీజ్ వచ్చింది. తొమ్మిది రోజులు పెండ్లికాని పిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి నీళ్లు పోస్తరు కదా. కోదాడామె ఫోటో పంపింది. వాళ్ల పిల్ల తల మీద తీజ్ బుట్ట, మొలకలు పచ్చగా ఉన్నయి. కింద వాయిస్ మెసేజ్: "ఈ ఏడు కూడా నా బిడ్డ బుట్ట ఎత్తింది. మీరెప్పుడు వస్తరు?"

ఆ పిల్ల ఇప్పుడు డిగ్రీ పూర్తి చేసి బీఈడీ ఎంట్రన్స్‌కు చదువుతున్నది. సీటు వస్తదో రాదో, మంచి సంబంధం మళ్లీ వస్తదో రాదో మాకు తెల్వదు. ఆ భయం కోదాడామెకు ఇంకా ఉన్నది, దాన్ని మేము కాదనం.

ఇంకొక ముచ్చట. ఆ గొడవ తర్వాత మిర్యాలగూడామె ఓపెన్ స్కూల్‌లో ఇంటర్‌కు కట్టింది. ఆన్‌లైన్ అప్లికేషన్ సూర్యాపేటామె కొడుకు నింపిండు. మొదట ఆమె సొంత కొడుకును అడిగితే, "ఈ వయసులో ఎందుకమ్మా" అని నవ్విండు. చెడ్డోడు కాదు, తల్లి అంటే ప్రాణం. కానీ తల్లికి ఒక కోరిక ఉంటదని వాడికి తట్టలేదు. పరీక్షలకు ముందు ఇద్దరం ఆమె ఇంటికి పోయినం. ఒకరం వంట, ఒకరం ఆమెకు లెక్కల బదులు తీసుకున్న ఎకనామిక్స్ చదివి వినిపించుడు. ఐదు పేపర్లలో నాలుగు రాసింది. ఐదోది రాసే రోజు అత్త కిందపడితే దవాఖానకు తీసుకపోయింది. ఆ ఒక్కటి మళ్లీ రాయాలె. కండక్టర్ కాదని ఆమెకు తెలుసు, వయసు దాటింది. "అయినా పేపర్ మాత్రం వదల" అంటది.

2014 మే 25 న మన మలావత్ పూర్ణ పదమూడేండ్లకే ఎవరెస్ట్ ఎక్కినప్పుడు మన తండాలన్నీ మురిసినయి. మేము కూడా మా పిల్లలకు ఆ ఫోటో చూపించినం. కానీ కొండ ఎక్కే పిల్లకే కల ఉంటదనుకున్నం. కింద నిలబడి పంపిన అమ్మకు కూడా ఉంటదని మాకే ఇంత ఆలస్యంగా తెలిసింది.

అందుకే బిడ్డలారా, ఒక పని చేయండి. 'అమ్మ త్యాగమూర్తి' అని స్టేటస్ పెట్టకముందు ఇంట్లో ఈ మూడు ప్రశ్నలు అడగండి. అమ్మా, నీ దోస్తు పేరేంది? ఆమె ఇప్పుడు ఏ ఊర్ల ఉంది? నువ్వు ఏం కావాలనుకున్నవు? మొదట "ఊకో, పనిలేదా" అంటది. వదలకండి. పేరు చెప్తే నంబర్ వెతికి ఇయ్యండి. మీకు ఫోన్‌లో పది నిమిషాల పని, మాకు పద్దెనిమిదేండ్లు పట్టింది.

ఇంకొకటి, బస్సులో తల్లులు గుంపుగా కూర్చొని గట్టిగా నవ్వుతుంటే, ఫ్రీ కదా అని తిరుగుతున్నరు అని అనకండి. వాళ్లు ఎన్నేండ్లకు కలిసిండ్రో మీకు తెల్వదు.

వచ్చే నెల ఐదో పేపర్. సూర్యాపేటామె, కోదాడామె ముందురోజే మిర్యాలగూడ పోతున్నం. ఈసారి అత్త దగ్గర కోదాడామె కూర్చుంటది.