31 గంటలు

బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి నేరుగా దాదాపు 14,000 కిలోమీటర్లు. మా పాప గ్లోబు మీద కుట్టుమిషను దారం బిగించి పట్టి చూశాను. ఆ దారం సముద్రాల మీదుగా అడ్డంగా పోదు. చైనా, రష్యాల మీదుగా పైపైకెక్కి అలాస్కా మీద నుంచి కిందికి దిగుతుంది. మీ ఇంట్లో గ్లోబు ఉంటే చూడండి, భలేగా ఉంటుంది.

ఈ దూరంతో మాకేం పనంటే, మా మరిది ఉండేది అక్కడే. మేమేమో అనంతపురంలో. మాకు బెంగళూరు విమానాశ్రయమే దగ్గర, దేవనహళ్లి మా హైవే మీదే ఉంటుంది.

2021 జనవరిలో ఎయిరిండియా ఈ రెండు ఊళ్ల మధ్య నేరుగా విమానం మొదలుపెట్టినప్పుడు, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి తొలి విమానాన్ని నడిపింది అందరూ ఆడవాళ్లే. జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావనే, శివానీ మన్హాస్. ఉత్తర ధ్రువం మీదుగా తీసుకొచ్చారు. శనివారం రాత్రి బయలుదేరినవాళ్లు సోమవారం తెల్లవారకముందే దిగారు. గాల్లో ఉన్నది 17 గంటల పైచిలుకే, మరి ఆదివారం ఎటు పోయిందో! చలికాలంలో మన గడియారం వాళ్లకంటే 13 గంటల 30 నిమిషాలు ముందుంటుంది, అదీ సంగతి.

మొన్న మా వీధిలో ఒక పెద్దాయన పోయారు. కొడుకు అమెరికాలో. ఐస్ బాక్సు చుట్టూ కూర్చుని అందరిదీ ఒకటే మాట, "యాడికొచ్చినాడంట?" అని. చూసొచ్చిన మా అత్తమ్మ స్నానం చేసి, తల కూడా తుడుచుకోకుండా అడిగింది, "మనోడు రావాలంటే ఎన్ని గంటలు పడతాది? లెక్కగట్టి చెప్పు."

నేరుగా వచ్చే విమానాన్నే నమ్ముకోలేం కదా. అందుకని దుబాయ్ మీదుగా లెక్కేశాను. ఇంటి నుంచి విమానాశ్రయానికి గంట, అక్కడ మూడు గంటల ముందుండాలి. దుబాయ్‌కి 16, అక్కడ పడిగాపులు 3, బెంగళూరుకి 4. పాస్‌పోర్టు, సామాన్లు గంట. దేవనహళ్లి నుంచి మా గుమ్మానికి కారులో 3. మొత్తం 31. అదీ ఫోను చేసిన వెంటనే టికెట్టు దొరికితే!

తల్లికి చిన్నకొడుకే తలకొరివి పెట్టాలంటారు మా వైపు. అత్తమ్మ అడిగింది అందుకేనని నాకు తెలుసు.

లెక్క చెప్పాక చాలాసేపు వత్తులు చేసుకుంటూ కూర్చుంది. ఆఖరికి, "అంతసేపు నన్ను ఆ పెట్టెలో పెట్టొద్దండమ్మా. పెద్దోడు పెట్టినా కాలతాది. వాడొచ్చేదేదో దసరాకు రమ్మను, పక్కన కూసోని నాలుగు ఓళిగలు తినిపోతాడు" అంది.

మరిదికి వాట్సాప్‌లో దసరా మాట చెప్పాను. "సెలవు చూస్తా వదినా" అన్నాడు. మిగతా మాట అతనికీ చెప్పలేదు, మా ఆయనకీ చెప్పలేదు. ఎట్లా చెప్పేది?